దొరసాని అత్తిపత్తి

మా రాష్ట్రంలో అడవిపూల కోసం ఒక డైరెక్టరేటు ఉందన్న సంగతి అడవిపూలకు ఇప్పటికీ తెలియదు. మనుషుల్లో కూడా తెలిసినవాళ్లు తక్కువే. నేను అందులో సూపరింటెండెంటును కాబట్టి నాకు తెలుసు. నా పేరు ఓబులేసు. మంచుగుట్ట మీద, దొరల కాలంనాటి బంగళాలో మా ఆఫీసు. కొండ కింద ఎండకు బండలు పగులుతుంటే, పైన మేం స్వెట్టర్లు వేసుకుని ఫైళ్లు తిప్పుకునేవాళ్లం.

ఈ డైరెక్టరేటు పుట్టడానికి కారణం ఒక బొమ్మల ఆల్బమ్. విక్టోరియా రాణి ఏలుబడిలో మా జిల్లాకు కలెక్టరుగా వచ్చిన దొరగారి భార్య దాన్ని వేసింది. ఆమె పేరు విట్‌కూంబ్ దొరసాని. ఆ రోజుల్లో వాళ్ల దేశంలో మంచి కుటుంబాల ఆడవాళ్లకు పియానో, కుట్టుపని తర్వాత మూడో విద్య పూలబొమ్మలు వేయడం. ఎండాకాలం దొర ఈ కొండ మీద గుడారం వేసుకుని జంతువులను కాల్చేవాడు. ఆయన కాల్చకుండా వదిలేసిన వాటిని దొరసాని నీటిరంగులతో వేసేది. అంటే పూలు. ప్రతి బొమ్మ కింద, ఆ పువ్వు గురించి ఇక్కడి జనం ఏమనుకుంటారో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేది. తుమ్మిపువ్వంటే శివుడికి ఎందుకంత ప్రీతి, ఉత్తరేణి పుల్లతో పళ్లు తోముకుంటే మాట ఎందుకు ఫలిస్తుంది, నాభిపువ్వు ఇంట్లోకి తెస్తే అత్తాకోడళ్లు ఎందుకు కొట్టుకుంటారు, ఇలాంటివి.

ఆ ఆల్బమ్ వాళ్ల దేశంలో ఎవరింటి అటకమీదో పడి ఉండి, చివరికి వేలంపాటకు వచ్చింది. మన ప్రభుత్వం కొనేసింది. విమానంలో వచ్చిన ఆల్బమ్‌కు డప్పులతో స్వాగతం చెప్పాం. దాన్ని చూసుకోవడానికి ఒక డైరెక్టరేటు, దానికి ఒక డైరెక్టరు, ఆయనకు ఒక జీపు వరసగా మంజూరయ్యాయి.

మా డైరెక్టరు త్రివిక్రమ్ గారు ఉత్సాహవంతులు. అంతకుముందు ఆయన గిడ్డంగుల శాఖలో ఉండేవారు. పూలకూ ఆయనకూ పెళ్లిరోజు దండ తప్ప పరిచయం లేదు. అందువల్ల ఏ పక్షపాతమూ లేకుండా పనిచేసే అవకాశం ఆయనకు దక్కింది.

ఆల్బమ్‌లోని బొమ్మలకు నకళ్లు వేయడానికి వకుళ గారిని కాంట్రాక్టు మీద తీసుకున్నాం. ఆమె మదనపల్లె వైపు మనిషి, నలభై దాటిన వయసు. లలితకళల కాలేజీలో చదివి, అరచేతిలో పట్టే పువ్వును గంటల తరబడి చూస్తూ కూర్చోగల ఓపిక సంపాదించారు. ఏడాదికోసారి ఆమె కాంట్రాక్టు పొడిగించే ఫైలు నా దగ్గరికి వచ్చేది. నేను దాన్ని పైకి పంపేవాడిని. అది ఎప్పుడూ కాంట్రాక్టు ముగిసిన తర్వాతే కిందికి దిగేది.

ఒకరోజు డైరెక్టరు గారు నన్ను పిలిచి, "ఓబులేసు గారూ, ఈ ఆల్బమ్‌లో ఉన్నది మన పూర్వీకుల విజ్ఞానం. బీరువాలో పెట్టి తాళం వేయడానికి ప్రభుత్వం దీన్ని కొనలేదు. అమలు చేయడానికి కొన్నది," అన్నారు.

"ఏమి అమలు చేద్దాం సార్?" అన్నాను.

"దొరసాని ఏం రాసిందో అదే."

అలా అమలు మొదలైంది. మొదట ఉత్తరేణి. సిబ్బంది అందరికీ ఉదయం హాజరుపట్టీతోపాటు ఒక్కో ఉత్తరేణి పుల్ల ఇచ్చాం. పళ్లు తోముకుని, డైరెక్టరు గారు వారంలోపు కొత్త భవనం పూర్తవుతుందని ప్రకటించారు. అది పూర్తికాలేదు. పుల్ల సరిగా నమలలేదని నిర్ధారించాం. తర్వాత నాభిపువ్వు. కలహకారిణి కాబట్టి ఆఫీసు ఆవరణలోకి దాన్ని నిషేధించాం. ప్రమోషన్లు ప్రకటించిన రోజు ఇద్దరు సీనియర్ అసిస్టెంట్లు ఒకరిమీద ఒకరు కుర్చీలు ఎత్తారు. అందరి సంచులూ వెతికించాం. పువ్వు దొరకలేదు. గొడవకు కారణం తెలియరాలేదని రికార్డు చేశాం.

ఆ తర్వాత వచ్చింది అత్తిపత్తి బొమ్మ. ముట్టుకుంటే ముడుచుకునే ఆకు. గులాబి రంగు కుచ్చుల్లాంటి పూలు. దొరసాని దాని కింద రాసినదాన్ని వకుళ గారు కాగితం మీద ఎత్తి రాసిస్తే నేనే తెలుగు చేశాను: "అబద్ధమాడువాని చేయి తగిలినచో ఈ ఆకు సిగ్గుతో ముడుచుకొనునని ఇచ్చటి జనులు నాతో నవ్వుచు చెప్పిరి."

డైరెక్టరు గారు దాన్ని మూడుసార్లు చదివించుకున్నారు. ఆయన కళ్లు వెలిగాయి. "ఓబులేసు గారూ, అవినీతి నిర్మూలనకు ఇంతకంటే చవకైన యంత్రం ప్రపంచంలో ఉందా? కరెంటు అక్కర్లేదు. నీళ్లు పోస్తే చాలు."

"నవ్వుచు చెప్పిరి అని కూడా ఉంది సార్," అన్నాను.

"అది వాళ్ల ఆనందం. మీరు ఆ మాట తీసేసి పైకి పంపండి."

పక్కగదిలోంచి వచ్చిన వకుళ గారు ఇది విన్నారు. "సార్, అది ఎవరు ముట్టుకున్నా ముడుచుకుంటుంది. పైగా అది మన పూర్వీకుల మొక్క కూడా కాదు. ఎక్కడో దక్షిణ అమెరికా నుంచి ఓడల మీద వచ్చింది," అన్నారు.

డైరెక్టరు గారు ఆలోచించి, "మన అబద్ధాలు పట్టుకోవడానికే అంత దూరం వచ్చి ఉంటుంది," అన్నారు.

పదిరోజుల్లో సర్క్యులర్ వచ్చింది. అందులోని ముఖ్యభాగం ఇది: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఈ సంచాలకాలయమునకు ఏదేని విన్నపము, వాంగ్మూలము, సంజాయిషీ సమర్పించు ప్రతి వ్యక్తియు, సదరు సమర్పణ అనంతరము, అధికారి సమక్షములో అత్తిపత్తి మొక్కను కుడి చూపుడువేలితో స్పృశించవలెను. ఆకు విచ్చుకొని ఉన్నచో సత్యమని, ముడుచుకొన్నచో అసత్యమని, సగము ముడుచుకొన్నచో తదుపరి విచారణకు అర్హమని పరిగణించబడును."

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఇత్తడి కుండీలో మొక్క, దాని మెడలో చిన్న దండ. డైరెక్టరు గారు నేను రాసిచ్చిన ఉపన్యాసం చదివారు. తమ పాలనలో డైరెక్టరేటు సాధించిన ప్రగతిని వివరించి, చప్పట్ల మధ్య వేలు చాచి ఆకును తాకారు. ఆకు టక్కున ముడుచుకుంది. ఆ కొమ్మ తలకూడా వేలాడేసింది.

చప్పట్లు ఆగిపోయాయి. వెనక వరసలో ఒకాయన తెలియక ఇంకా కొడుతుంటే పక్కవాడు ఆయన చేతులు పట్టుకున్నాడు.

డైరెక్టరు గారు నావైపు తిరిగారు. "ఈ ఉపన్యాసం ఎవరు రాశారు?"

"నేనే సార్."

"చేయి నాది. మాట మీది. మొక్క మాటను పట్టుకుంది."

సభ ఊపిరి పీల్చుకుంది. ఈసారి చప్పట్లు గట్టిగా పడ్డాయి. నాకు మెమో ఇచ్చారు. సంజాయిషీ రాసిచ్చి మొక్కను ముట్టుకున్నాను. ముడుచుకుంది. అబద్ధపు సంజాయిషీ ఇచ్చినందుకు రెండో మెమో వచ్చింది. దానికి సంజాయిషీ ఇవ్వకుండా ఊరుకోవడమే మేలని నాకు అప్పుడు తెలిసింది.

ఆ నెల మా ఆఫీసుకు వచ్చిన ఏ విన్నపమూ నిజం కాలేదు. దారి బాగులేదని అర్జీ పెట్టిన కొండపల్లెవాళ్లు అబద్ధాలకోరులని తేలారు కాబట్టి దారి బాగున్నట్టే. జీపు చెడిపోయిందని చెప్పిన డ్రైవరు కూడా అంతే. డైరెక్టరు గారు అదే జీపులో కిందికి బయలుదేరి, రెండో మలుపులో దిగి, మిగతా దూరం నడిచి వెళ్లారు.

ఒకరోజు వకుళ గారు వరండాలో కూర్చుని ఉండగా ఎవరిదో మేక లోపలికొచ్చి కుండీలో మూతి పెట్టింది. ఆకులన్నీ ముడుచుకున్నాయి.

"చూశారా సార్, మేకకు కూడా ముడుచుకుంది. మేక ఏం అబద్ధం చెప్పింది?" అన్నారు ఆమె.

డైరెక్టరు గారు ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. మేకల విశ్వసనీయత మీద ఒక ఉపసంఘం వేశారు. పశువైద్యుడు, తెలుగు పండితుడు, ఒక రిటైర్డు జడ్జి సభ్యులు. మేక అరుపుకు నిర్దిష్టమైన అర్థం లేనందున అందులో అసత్యం ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేమని వాళ్లు నివేదిక ఇచ్చారు.

ఇంకోసారి, ఆకాశం నిర్మలంగా ఉంటుందని రేడియో చెప్పిన రోజున వాన పడింది. గుట్ట మీద ఉన్న అత్తిపత్తి అంతా ఒక్కసారిగా ముడుచుకుంది. వకుళ గారు కిటికీలోంచి చూపించి, "వాన కూడా అబద్ధమేనా సార్?" అన్నారు.

"వాన కాదమ్మా, రేడియో. వాన పడదని అన్నారు. పడింది. మొక్క పట్టుకుంది," అన్నారు డైరెక్టరు గారు. ఆ జవాబుకు ఆయనే చలించిపోయి కళ్లద్దాలు తుడుచుకున్నారు. వకుళ గారు వెళ్లి తన బొమ్మ ముందు కూర్చున్నారు.

రెండు నెలలు గడిచేసరికి ఒక కొత్త విషయం బయటపడింది. ఆఫీసులో పెట్టిన మొక్కలు ముడుచుకోవడం మానేశాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేళ్లు పెట్టించుకుని పెట్టించుకుని వాటికి అలవాటైపోయింది. ఎవరు ముట్టుకున్నా ఆకు విచ్చుకునే ఉండేది. వకుళ గారు దాన్ని చూసి, "పదేపదే ముట్టుకుంటే మొక్క పట్టించుకోవడం మానేస్తుంది సార్. మనం కూడా ఆఫీసులో చేరిన కొత్తలో అన్నిటికీ ఉలిక్కిపడతాం కదా," అన్నారు.

డైరెక్టరు గారు అర్థం చేసుకున్నది వేరు. ఆయన మాటల్లో, "ఈ ఆఫీసు సత్యవాతావరణంలో మొక్క పరిపక్వత సాధించింది." సిబ్బంది అందరికీ ఆ మొక్కలతో పరీక్ష జరిపించారు. ఒక్కరు కూడా తప్పలేదు. నా రెండు మెమోలూ రద్దయ్యాయి. మాది రాష్ట్రంలో మొదటి నూరుశాతం సత్యసంధ కార్యాలయమని గేటు మీద బోర్డు పెట్టాం.

ప్రజలకు మాత్రం కొండ మీంచి కొత్తగా తవ్వి తెచ్చిన మొక్క పెట్టేవాళ్లం. వాడిన మొక్క జనానికి ఇవ్వడం పౌరసేవా ప్రమాణాలకు విరుద్ధమని డైరెక్టరు గారి అభిప్రాయం.

కదిరప్ప కథ ఇక్కడ మొదలైంది.

కదిరప్ప మా గుట్ట వెనక గూడెంలో ఉంటాడు. కొండచరియల్లో తేనె తీస్తాడు. అందుకు అడవిలోకి పోవడానికి ఒక గుర్తింపు కార్డు ఉంటుంది. వారానికోసారి ఆఫీసుకు వచ్చి మాకు తేనె అమ్మేవాడు. తక్కువ మాట్లాడతాడు. ధర చెప్పి, కాదంటే తేనె ఎత్తుకుని వెళ్లిపోతాడు. బేరం చేయని మనిషి కాబట్టి మా ఆఫీసులో ఆయన్ని గర్వి అనుకునేవాళ్లు.

రాజధాని నుంచి ప్రిన్సిపల్ సెక్రటరీ మేడమ్ మా పరీక్షావిధానాన్ని చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. ఆమె కోసం తోటలో విష్ణుక్రాంతం మడి పెంచాం. దొరసాని బొమ్మలో ఉన్నట్టే నేలను అంటుకుని పరుచుకున్న చిన్నచిన్న నీలం పూలు. ఆమె రాకకు ముందురోజు పొద్దున చూస్తే మడి అంతా నలిగి పచ్చడైపోయి ఉంది. ఆ సమయానికి తేనెకుండతో పక్కనే నిలబడి ఉన్నవాడు కదిరప్ప. పాదాలకు నీలం రేకులు అంటుకుని ఉన్నాయి. గార్డు పట్టుకొచ్చాడు.

"తొక్కింది నువ్వేనా?" అన్నారు డైరెక్టరు గారు.

"నేను తొక్కల్యా సామీ. ఈడ గుంజలు పాతేటోళ్లు పదిమంది దానిమీద తిరగతాండ్రి. వాళ్లు పోయినాక నేను దాటుకోని వచ్చినా. అప్పటికే అది చచ్చి ఉండాది."

కొత్త మొక్క తెచ్చారు. తేనె బంకతో ఉన్న వేలు పెట్టాడు. ఆకు ముడుచుకోవడమే కాదు, వేలికి అంటుకుపోయింది.

"అసత్యం, పైగా అంటుకునే అసత్యం," అని రాసుకోమన్నారు డైరెక్టరు గారు. కార్డు రద్దు చేశారు. వారసత్వ పుష్ప విధ్వంసం కింద కేసు రాసి కోర్టుకు పంపేదాకా చెక్‌పోస్టు గదిలో కూర్చోబెట్టారు. పెద్దవానలు ముంచుకొస్తున్నాయి. అవి పడితే ఆ ఏడు తేనెపట్లు ఖాళీ. అంటే ఆ ఇంటికి ఆ ఏడు తిండి లేనట్టే.

మధ్యాహ్నానికి ఆయన భార్య సుంకమ్మ వచ్చింది. మెట్ల మీద కూర్చుని లేవలేదు. "మా ఆయన్ని అబద్ధాలోడంటారా? అబద్ధం చెప్పేది వచ్చింటే, నేను చేసే సంగటి బాగుండాదని ఒక్కదినమన్నా చెప్పుండడా? ఇరవై ఏండ్లైంది సార్. ఒక్కదినం చెప్పల్యా," అంది.

ఇంతకంటే గట్టి సాక్ష్యం నేను నా సర్వీసులో వినలేదు. కానీ సర్క్యులర్‌లో సంగటి ప్రస్తావన లేదు.

కదిరప్పను చూడటానికి నేను చెక్‌పోస్టుకు వెళ్లాను. ఆయన నేలమీద కూర్చుని వేళ్లు చూసుకుంటున్నాడు. "సార్, నా చెయ్యి ఏమన్నా చెడిపోయిందంటారా?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు. అంతవరకూ ఈ వ్యవహారమంతా నాకు ఆఫీసు పనిలాగే కనిపించింది. ఆ మాట విన్నాక ఆ పూట అన్నం సహించలేదు.

సాయంత్రం వకుళ గారు డైరెక్టరు గారి గదిలోకి వచ్చారు. "సార్, నేను పొద్దున కిటికీ దగ్గర బొమ్మ వేస్తున్నాను. ఆ మడి మీద గుంజలు పాతింది మేడమ్ కోసం మనం పిలిపించిన షామియానావాళ్లు. నా కళ్లతో చూశాను."

"వాంగ్మూలమా?"

"వాంగ్మూలమే."

"అయితే ముట్టుకోండి."

కొత్త మొక్క తెచ్చారు. ఆమె ముట్టుకోకముందే చీర కొంగు గాలి తగిలి సగం ముడుచుకుంది. ముట్టుకున్నాక మిగతా సగం.

"చాలా విచారకరం. మీ కాంట్రాక్టు ఫైలు మీద ఇది రాయక తప్పదు," అన్నారు డైరెక్టరు గారు. తర్వాత, షామియానా తాము వేయించలేదని పలికి, బల్లమీది ఆఫీసు మొక్కను తామే తాకారు. ఆకు కదల్లేదు.

వకుళ గారు బయటికి వచ్చి గుమ్మం దగ్గర నాతో, "ఓబులేసు గారూ, రేపు మేడమ్ ముందు నాకు రెండు నిమిషాలు ఇప్పించండి," అని వెళ్లిపోయారు.

మర్నాడు అదే షామియానా కింద విచారణ జరిగింది. మేడమ్ తక్కువ మాట్లాడే మనిషి. ఆమె తల ఊపితే అవునో కాదో తెలియక జిల్లాలే ఆగిపోయేవని చెప్పుకునేవారు. ఒకపక్క కదిరప్ప, సుంకమ్మ. ఇంకోపక్క మేం. డైరెక్టరు గారు పరీక్షావిధానాన్ని వివరించారు. వెనక పెద్ద పోస్టరు మీద అత్తిపత్తి బొమ్మ, దాని కింద ఆయన ఫోటో.

నేను లేచి, "చిత్రకారిణి గారు ఒక విషయం మనవి చేస్తారట మేడమ్," అన్నాను. డైరెక్టరు గారిని అడగకుండా తీసుకున్న, పూర్తిగా నా సొంత నిర్ణయం అది.

వకుళ గారు ముందుకొచ్చారు. "మేడమ్, పరీక్షకు ఆధారం దొరసాని బొమ్మ. పోస్టరు కాదు, అసలు బొమ్మ తెప్పించండి."

తెల్లటి చేతితొడుగులు వేసుకున్న ఇద్దరు ఆల్బమ్ తెచ్చి బల్లమీద తెరిచారు. అందరం వంగి చూశాం. పోస్టరులో లేని కింది సగం అక్కడుంది. డైరెక్టరు గారి ఫోటోకు చోటు చాలక అచ్చులో దాన్ని కత్తిరించేశాం. ఆ కింది సగంలో, లేసు కుట్టిన గౌను చేతి అంచులోంచి ఒక తెల్లటి చేయి వస్తోంది. వేలికి నీలిరాయి ఉంగరం. ఆ వేలు ఒక కొమ్మను తాకుతోంది. పైకొమ్మ ఆకులు నిండుగా విచ్చుకుని ఉన్నాయి. వేలు తగిలిన కొమ్మ ఆకులు రెండు చేతులు జోడించినట్టు ముడుచుకుని, కాడ వాలిపోయి ఉంది. మొక్క స్వభావం తెలియడానికి ఆ కాలపువాళ్లు అలా వేసేవారు. చాలా అందమైన బొమ్మ. అంత దగ్గరగా దాన్ని నేను చూడటం కూడా అదే మొదటిసారి.

"ఈ చేయి ఎవరిది?" అన్నారు మేడమ్.

"దొరసానిది మేడమ్. హాల్లో ఉన్న ఆమె పెద్ద పటంలోనూ ఇదే ఉంగరం," అన్నారు వకుళ గారు. "ఆమె ముట్టుకుంది. ఆకు ముడుచుకుంది. డైరెక్టరు గారి పరీక్ష నిజమైతే, దొరసాని అబద్ధాలకోరు."

డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. "ప్రభుత్వం వేలంలో కొన్న దొరసానిని పట్టుకుని..."

"ఆమె అబద్ధాలకోరైతే, ఈ మొక్క గురించి ఆమె రాసిందీ అబద్ధమే. అది అబద్ధమైతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఆమె అబద్ధాలకోరు కాదు. అప్పుడు ఆమె రాసింది నిజం. నిజమైతే మళ్లీ పరీక్ష ఉంది. ఎటు పొమ్మంటారో మీరే చెప్పండి."

డైరెక్టరు గారు వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకుని మధ్యలో వదిలేశారు. మేకల ఉపసంఘంలోని రిటైర్డు జడ్జిగారు కళ్లు మూసుకున్నారు. మేడమ్ కాఫీ తెప్పించుకుని తాగారు. మేమంతా ఆ కప్పు వైపే చూస్తున్నాం.

"చేయి దొరసానిదే అయినా, ఆ సమయంలో ఆమె మనసులో..." అని డైరెక్టరు గారు మొదలుపెట్టారు.

మేడమ్ కప్పు కింద పెట్టారు. "ప్రజాధనంతో కొన్న దొరసాని అబద్ధం ఆడటానికి వీల్లేదు. సర్క్యులర్ ఇచ్చిన ప్రభుత్వం పొరపడటానికీ వీల్లేదు. కాబట్టి పొరపాటు ఆ ఆకుది. ఈ కొమ్మ విచ్చుకుని ఉండవలసింది. బొమ్మను సవరించండి."

నూటయాభై ఏళ్లనాటి బొమ్మను దిద్దడమా! వకుళ గారి చేతులు చీర కొంగులో ముడుచుకోవడం చూశాను. మరుక్షణం ఆమె నిటారుగా నిలబడి, నేను పదిహేనేళ్లుగా రాస్తున్న భాషలో మాట్లాడారు.

"తమ ఆదేశం శిరోధార్యం మేడమ్. అయితే ఆధారమైన బొమ్మ సవరణలో ఉండగా, దాని ఆధారంగా పరీక్షలు జరపడం, జరిపిన పరీక్షల మీద చర్య తీసుకోవడం నిబంధనలకు సరిపోతాయా?"

మేడమ్ ఆమె వైపు కొంచెంసేపు చూశారు. ఆ చూపులో నవ్వు ఉందా లేదా నేను చెప్పలేను. "సరిపోవు," అన్నారు. "సవరణ పూర్తయ్యేదాకా పరీక్ష నిలుపుదల. ఇంతవరకు వచ్చిన ఫలితాలు చెల్లవు. సవరణకు ఎంతకాలం పడుతుంది?"

"ఆ ఆకు విచ్చుకుని ఉండటం కళ్లతో చూసి వేయాలి మేడమ్. గాలి తగిలినా, మబ్బు పట్టినా, నేను దగ్గరికి జరిగినా అది ముడుచుకుంటుంది. ఆనాటి పచ్చరంగు కూడా కలపాలి. తొందరపడితే మళ్లీ పొరపాటు జరుగుతుంది."

"తొందరపడవద్దు," అన్నారు మేడమ్. అన్నదంతా రాయించి సంతకం చేశారు.

కదిరప్ప కార్డు నేనే చెక్‌పోస్టుకు తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను అబద్ధం చెప్పల్యా అని రాసినారా సార్ దీంట్లో?"

"లేదప్పా. నువ్వు అబద్ధం చెప్పావని ముందు రాసింది కొట్టేశాం."

"రెండూ ఒకటేనా?"

"ఆఫీసులో ఒకటే," అన్నాను.

ఆయనకు నచ్చలేదు. అయినా వాన ముంచుకొస్తోంది కాబట్టి వాదన పెట్టుకోలేదు. "పోదాం పద," అని సుంకమ్మ ముందు నడిచింది. "ఇంటికిపోయి సంగటి చేస్తా. ఈపొద్దన్నా బాగుండాదని చెప్పు."

"చూస్తాంలే," అన్నాడు కదిరప్ప.

పెద్దవానలకు ముందు ఆయన నాలుగు చరియలు దిగి తేనెపట్లు తీశాడని తర్వాత విన్నాను. ఆ వారం ఆఫీసుకు తేనె తెచ్చాడు. ధర పెంచాడు. మేం ఎవరం కిక్కురుమనలేదు.

త్రివిక్రమ్ గారు మరుసటి ఏడు చేపల శాఖకు బదిలీ అయ్యారు. వకుళ గారి కాంట్రాక్టు మాత్రం సవరణ పూర్తయ్యేవరకు అని మారింది. ప్రభుత్వ ఆదేశం కాబట్టి ఆ ఫైలు మొదటిసారి సమయానికి దిగింది. ఆమెకు కొండవైపు కిటికీ ఉన్న గది ఇచ్చాం. రోజూ ఆల్బమ్ ముందు కూర్చుంటారు. గుట్టమీది మిగతా పూలన్నీ ఒక్కొక్కటిగా తన సొంత కాగితాల మీద వేసుకుంటూ ఉంటారు. తంగేడు అయిపోయింది, పల్లేరు అయిపోయింది. ఇప్పుడు తుమ్మి నడుస్తోంది. దొరసాని బొమ్మ మీద ఆమె కుంచె ఇంతవరకు వాలలేదు. ఈ మధ్యలో ముగ్గురు డైరెక్టర్లు వచ్చి వెళ్లారు.

మొన్న నాలుగో ఆయన చేరారు. కుర్రవాడు, నిదానస్తుడు. పాత ఫైలు చదివి, గది గుమ్మంలో నిలబడి ఆల్బమ్‌నూ ఆమెనూ మార్చి మార్చి చూశారు. తడి తగలని సన్న కుంచె ఒకటి పళ్లెంలో విడిగా ఉంది.

"ఏమండీ, నిజంగానే దిద్దుతున్నారా?" అని అడిగారు.

"దిద్దుతున్నాను సార్," అన్నారు వకుళ గారు, తల ఎత్తకుండానే.

ఆయన గది నలుమూలలా వెతికినట్టు చూశారు. పరీక్ష నిలుపుదలలో ఉంది కాబట్టి ఆఫీసులో ఎక్కడా మొక్క లేదు. చేసేదేమీ లేక ఆమె మాట నమ్మి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయారు.